కుడి చెవికి రెండు కోతలు

గుట్టకిందపల్లె
6 ఫిబ్రవరి 2025, గురువారం

తమ్ముడు నాగరాజుకు,

వారం నుంచి పొద్దున మంచు బాగా పడతా ఉంది. ఎనిమిదైతే గాని గుట్ట కనపడదు. కంది కోసి కుప్ప వేసినాం. ఈరోజు నేను, శ్రీదేవి కలిసి సగం కుప్ప కొట్టినాం. మిగతాది రేపు. మధ్యలో నేను అంగన్‌వాడీకి పోయి పిల్లలకు వండిపెట్టి, గిన్నెలు కడిగి వచ్చినాను. మన ఆరు గొర్రెలు బాగున్నాయి. నల్లది నిండు చూలుతో ఉంది.

నువ్వు చెన్నయ్య మందతో మేతకు కాలవల కిందికి పోయి నలభై రోజులు దాటింది. మన మంద రోగం వచ్చి పోకపోతే ఇంకొకరి గొర్రెలు కాయడానికి పోయేవాడివి కాదు. ఇప్పుడు అనుకొని లాభం లేదు. ఒళ్ళు చూసుకో.

ఫోన్ ఉండగా ఉత్తరం ఏంది అనుకుంటావు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ నీ పెళ్ళాం శ్రీదేవి చేతిలో ఉంటాది. నేను నీతో మాట్లాడాలంటే ఆమెను అడగాల, మాట్లాడేంతసేపు ఆమె పక్కనే నిలబడతాది. ఈ సంగతి ఆమె వినగా చెప్పేది కాదు.

నీ కూతురు స్రవంతి అంగన్‌వాడీలో పది రోజులుగా ఒకే ఆట ఆడతా ఉంది. నేను ఆయమ్మను గాబట్టి వంట కాడ నుంచి అంతా కనపడతాది. మన పిల్ల తల్లి వేషం. గుడ్డ చుట్టిన కట్టె ఒకటి పడుకోబెట్టి, అది నిద్రపోయే పిల్ల అంటాది. రామయ్య మనవడిని గోడ అవతల నిలబెట్టి మెల్లగా రమ్మంటాది. వాడు వస్తానే, "తలుపు కొట్టొద్దు. చెప్పులు బయట విడువు. చప్పుడు చేస్తే పిల్ల లేస్తాది" అని గుసగుసగా చెప్తాది. సీసా మూతల్లో ఇసుక పోసి అన్నం పెడతాది. వాడు తిన్నట్టు నోరు ఆడించినాక, "కోడి కూయక ముందే పో" అని లేపి పంపిస్తాది. ఒకసారి ఆ పిలగాడు "నేను పోను, ఇంకా ఆకలి" అన్నాడు. వీపు మీద ఒకటి వేసి పంపించింది.

సరళ టీచర్ అది చూసి నవ్వుకొని పుస్తకంలో ఏదో రాసుకుంది. నాకు నవ్వు రాలేదు. ఐదేళ్ళ పిల్ల చూడనిది ఎట్ల ఆడతాది? నువ్వు చూస్తే కాలవల కింద ఉన్నావు.

నేను ఏమీ అనడం లేదు. చూసింది రాసినాను. సరుకులు తీసుకుపోవడానికి చెన్నయ్య కొడుకు శ్రీను వచ్చినాడు, ఈ ఉత్తరం వాడి చేతికే ఇస్తున్నా. మెతుకులతో గట్టిగా అంటించినాను. విప్పే ముందు అంటు చూసుకో.

నీ అక్క
నాగేంద్రమ్మ


చెరుకుపల్లి పక్కన, కాలవ గట్టు
15 ఫిబ్రవరి

అక్కా,

ఇక్కడ పొద్దున మంచుకు గొర్రెల బొచ్చు తడిసి బరువెక్కుతుంది. వరి కోసిన మళ్ళలో మినుము చల్లినారు. గొర్రె మూతి పెడితే రైతు కర్ర తీసుకొని వస్తాడు. ఈ వారంలో మూడు చోట్లకు మారినాం. గిట్టల్లో బురద దిగి పది గొర్రెలు కుంటుతా ఉన్నాయి. పగలంతా వాటి కాళ్ళు కడగడం, మందు పూయడంతోనే సరిపోతా ఉంది. తిండికి లోటు లేదు.

నీ ఉత్తరం చదివినాను. పిల్లలు ఆడుకుంటే ఆడుకున్నారు. చిన్నప్పుడు నేను పోలీసు ఆట ఆడలేదా? అప్పటికి ఏ పోలీసును చూసినాను? నువ్వేమో నాయనమ్మ పీనుగ ఆట ఆడి దెబ్బలు తిన్నావు, అప్పటికి ఆమె బతికే ఉంది.

ఇంకో మాట, కోపం తెచ్చుకోవద్దు. శ్రీదేవి అంటే నీకు మొదటి నుంచి పడదు. గిద్దలూరు పక్క పిల్ల, గొర్రె వాసన పడదని ముక్కు మూసుకుంటాది అని పెళ్ళినాడే అన్నావు. ఏడేళ్ళయింది. ఇప్పుడు పేడ ఎత్తేది ఎవరు? ఆమే గదా. బావ పోయి నువ్వు మన ఇంటికి వచ్చినప్పుడు నీకు మంచం వేసి ఇచ్చింది గూడా ఆమే.

అయినా ఒకటి చేయి. ఆ ఆటలో వచ్చే మనిషిని పిల్ల ఏమని పిలుస్తాదో విను. పిల్లను అడగొద్దు. విను, అంతే.

నీ ఉత్తరం అంటు ఒక మూల లేచి ఉంది. నువ్వు అంటించినప్పుడే అట్ల ఉందా, దారిలో లేచిందా? రాయి.

నాగరాజు

టీ కొట్టు విలాసం వెనక రాసినాను. మేము ఎక్కడికి మారినా ఉత్తరం ఆ కొట్టుకు చేరితే నాకు అందుతాది.


గుట్టకిందపల్లె
24 ఫిబ్రవరి, సోమవారం

నాగరాజూ,

మంచు పోయింది. ఎండ మొదలయింది. మిరప కోతకు పోతా ఉన్నాం, చేతులు మండుతా ఉన్నాయి గాబట్టి అక్షరాలు వంకరగా ఉంటాయి. శివరాత్రికి శ్రీశైలం నడిచిపోయేవాళ్ళు దోర్నాల దారి నిండా ఉన్నారంట, మన ఊరి మీదుగా గూడా కొందరు పోయినారు. బావి కాడ నీళ్ళు తాగి పోతా ఉన్నారు.

అంటు నేను నాలుగు మూలలా వేసినాను. లేచిందంటే ఎవరో లేపినారు. అందుకే ఈసారి శ్రీనుకు ఇవ్వలేదు. యర్రగొండపాలెం పోయి పోస్టులో వేస్తా ఉన్నా. మిరప కూలి ఒకరోజు పోయింది.

శ్రీదేవి మీద నాకు పడదన్నావు. సరే, పడదనే అనుకో. పడని దాన్ని గాబట్టి నా కళ్ళు మూసుకోమంటావా?

నువ్వు అడిగింది విన్నాను. పేరు లేదు, వరస లేదు. "ఇదిగో" అంటాది. "ఇదిగో, ఇంకొంచెం పెట్టనా?" అంటాది. అంతే.

ఇంకొకటి ఉంది. సరళ టీచర్ పిల్లలకు రంగు పెన్నులిచ్చి "మా ఇల్లు" గీయమంది. మన పిల్ల మనుషులకు గూడా గొర్రె చెవులు పెట్టి కోత వేస్తాదని నీకు తెలుసు. నువ్వు పోకముందు పలక మీద గీసింది గదా, మన నలుగురికీ ఎడమ చెవికి ఒక కోత, మన మంద గుర్తు. "నన్ను గూడా మందలో కలిపింది" అని నువ్వు నవ్వినావు.

ఇప్పుడు గీసింది ఇందులో పెడతా ఉన్నా. టీచర్‌కు తెలియకుండా పిల్ల ఫైలు నుంచి చింపినాను. చూడు. పొయ్యి కాడ ఉన్నది శ్రీదేవి. మంచం మీద నేను. మధ్యలో తను, కళ్ళు గీయలేదు. పక్కన ఆరు గొర్రెలు. అందరికీ, గొర్రెలకు గూడా, ఎడమ చెవికి ఒక కోత. వాకిట్లో చేతికర్ర పట్టుకొని మగమనిషి నిలబడి ఉన్నాడు. వాడి కుడి చెవికి రెండు కోతలు.

ఆ గుర్తు ఎవరిదో నీకు నేను చెప్పనక్కరలేదు. రోజూ ఆ చెవులనే చూస్తా ఉన్నావు.

నువ్వు బొమ్మలో ఎక్కడా లేవు. నేను రెండుసార్లు వెతికినాను.

నాగేంద్రమ్మ


కాలవ గట్టు
4 మార్చి

అక్కా,

ఇక్కడ ఎండ ముదిరింది. కాలవలో నీళ్ళు తగ్గించినారు. మందలో ఈ పది రోజుల్లో ఇరవై మూడు ఈనినాయి. పుట్టిన ప్రతి పిల్లకూ కోత వేసేది నేనే. కుడి చెవికి రెండు. కత్తి కాల్చి కోసి పసుపు అద్దుతాను. పొద్దున నీ ఉత్తరం చదివి, కాగితం మడిచి జేబులో పెట్టుకొని, మళ్ళీ అదే పని చేసినాను. ఒక పిల్ల చెవి ఎక్కువ తెగింది.

బొమ్మ చూసినాను. పిల్లకు కుడి ఎడమ తెలియదేమో అనుకున్నా. కానీ మిగతా అందరికీ ఎడమే వేసింది. ఆరు గొర్రెలకూ ఎడమే. తప్పు పోయింది అనడానికి లేదు.

శ్రీను సంగతి రాస్తాను. వాడు మొన్న వచ్చినప్పుడు, "మీ నల్ల గొర్రె రెండు పిల్లల్ని వేసింది మామా" అన్నాడు. నువ్వు రాయలేదు. శ్రీదేవి ఫోన్‌లో చెప్పలేదు. వీడికి ముందు ఎట్ల తెలిసింది? చింతకాయ పచ్చడి డబ్బా ఇచ్చి, "శ్రీదేవక్క పంపించింది, కారం ఎక్కువైంది, చూసి తిను" అన్నాడు. కారం ఎక్కువైందని వాడికి ఎట్ల తెలుసు? వాడు తిన్నాడు. ఎక్కడ తిన్నాడు? దారిలో తిన్నాడా, మన ఇంట్లో కూర్చొని తిన్నాడా? ముందైతే ఇవన్నీ పట్టించుకునేవాణ్ణి కాదు. ఇప్పుడు వాడు మందలోకి వస్తే కుక్క మొరగకపోయినా నాకు అనుమానమే.

పిల్లను ఏమీ అడగొద్దు. అడిగితే తల్లికి చెప్తాది. చెప్తే వాళ్ళు జాగ్రత్త పడతారు. నువ్వు చూడు. మంచం మార్చుకో.

ఆ పలక ఉంటే దాచిపెట్టు. పాత బొమ్మ చెరిపేసి ఉంటారు గాని, ఉంటే దాచిపెట్టు.

నాగరాజు


గుట్టకిందపల్లె
13 మార్చి, గురువారం

తమ్ముడికి,

గాలి దుమారం లేస్తా ఉంది. మిరప కల్లం మీద పట్టా కప్పి రాళ్ళు పెట్టినాం. బావిలో నీళ్ళు అడుగంటినాయి, రెండు బిందెలకు అరగంట పడతా ఉంది. నల్ల గొర్రె పిల్లలు రెండూ తాగుతా ఉన్నాయి. ఈనిన రోజు నేనే కోత వేసినాను. పలక మీద పాత బొమ్మ ఎప్పుడో పోయింది, ఇప్పుడు దాని మీద అ ఆ లు ఉన్నాయి.

నీ ఉత్తరం అందిన రోజే మంచం వాకిట్లోకి, తలుపు పక్కకు వేసుకున్నాను. నాలుగు రాత్రులు అయింది. ఎవరూ రాలేదు. నేను తలుపు కాడికి చేరినాక ఎవరు వస్తారు? రాలేదంటే లేరని కాదు.

మొదటి రోజే శ్రీదేవి అడిగింది. "లోపల ఉక్కగా ఉందా వదినా?"

"గొర్రెపిల్లలు ఉన్నాయి గదా, నక్క తిరుగుతా ఉంది" అన్నాను.

"నక్కకేనా మీరు కాపలా కాసేది?" అని నవ్వింది. నవ్వు మామూలుగానే ఉంది. మామూలుగా ఉండడమే నాకు నచ్చలేదు.

రాత్రి తలుపు సందులోంచి మాటలు వినపడతాయి. పిల్లను పడుకోబెడతా, "కళ్ళు మూసుకో. నువ్వు నిద్రపోతేనే వస్తాడు. మేలుకొని ఉంటే రాడు" అంటాది. రోజూ అదే మాట. వచ్చేది ఎవరో మాత్రం అనదు. పిల్ల గూడా అడగదు. తెలిసిన మనిషి గాబట్టే అడగడం లేదు.

శ్రీను సోమవారం వచ్చినాడు. నేను ఇంట్లోనే ఉన్నాను. వాడు వాకిలి దాటి లోపలికి రాలేదు, నన్ను చూసే రాలేదనుకుంటా. శ్రీదేవి సంచి బయటికి తెచ్చి ఇచ్చింది. నీళ్ళు అడిగితే మజ్జిగ ఇచ్చింది. అంతలో స్రవంతి ఉరికి పోయి వాడి మెడ పట్టుకొని వేలాడి, తల వంచి, రెండు చెవులూ పట్టుకొని చూసింది. "ఏంది అమ్మీ, నా చెవిలో ఏమైనా దాచిపెట్టినావా?" అని వాడు నవ్వినాడు. పిల్ల నవ్వలేదు. దిగి లోపలికి పోయింది. పిల్లకు అంత చనువు ఎట్ల వచ్చింది? మన పిల్ల కొత్తవాళ్ళ కాడికే పోదు.

చూసింది చూసినట్టు రాసినాను. ఏం చేయాలో మొగోడివి నువ్వు చెప్పు.

నాగేంద్రమ్మ


చెరుకుపల్లి, రైస్ మిల్లు షెడ్డు
21 మార్చి

అక్కా,

నేను ఇప్పుడు మందలో లేను. మిల్లులో బస్తాలు మోస్తా ఉన్నాను. ఎందుకో రాస్తాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. మధ్యాహ్నం శ్రీను సరుకులు దించుతా ఉంటే పోయి, "నా ఇంటికి ఎందుకు పోతా ఉన్నావు?" అని అడిగినాను. వాడు ఎకసెక్కంగా, "నీ పచ్చడి డబ్బాలు మోయడానికి పోతా ఉన్నా. ఇన్నాళ్ళకు అడిగినావు, కూలి ఇయ్యి" అన్నాడు. నేను కర్ర తీసినాను. భుజం మీద తగిలింది. చెన్నయ్య మామ వచ్చి మధ్యలో పడ్డాడు. సంగతేందో ఆయన అడిగినాడు, నేను చెప్పలేదు, చెప్పే సంగతి కాదు. "కారణం చెప్పకుండా నా కొడుకును కొట్టే మనిషికి నా గొర్రెలు ఎట్ల అప్పజెప్పాల?" అన్నాడు. అది నిజమే. నా దుప్పటి తీసుకొని వచ్చేసినాను.

ఆ రాత్రే శ్రీదేవికి ఫోన్ చేసినాను. "రాత్రిపూట ఇంటికి ఎవరు వస్తా ఉన్నారు?" అన్నాను.   "ఎవరు చెప్పినారు?" అంది.

"ఎవరు చెబితే ఏంది. వస్తా ఉన్నారా లేదా?"

"నువ్వేమనుకుంటా ఉన్నావు?"

"నేను అనుకునేది కాదు. ఉగాది నాడు అంకాలమ్మ గుడి కాడ, అందరి ముందర, అరచేతిలో కర్పూరం వెలిగించుకొని చెప్పు. అప్పుడు నమ్ముతాను."

"సరే. పిల్లను గూడా వెంటబెట్టుకొని రానా, చూస్తాది?" అంది. పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

పెద్దమనిషి రామయ్య మామకు నువ్వు చెప్పి ఏర్పాటు చేయించు. నేను రాలేను, మిల్లులో ఏప్రిల్ పది దాకా ఉంటానని ఒప్పుకున్నా. బొమ్మ సంగతి ఎవరికీ చెప్పొద్దు.

నాగరాజు


గుట్టకిందపల్లె
25 మార్చి, మంగళవారం

నాగరాజూ,

ఎండ ఎక్కువగా ఉంది. కల్లం ఎత్తేసినాం. పొద్దున అంగన్‌వాడీకి పోయి, మధ్యాహ్నం వచ్చి, గొర్రెలకు నీళ్ళు తోడినాను. ఇప్పుడు కూర్చొని రాస్తా ఉన్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

నువ్వు ఫోన్‌లో ఏదో అన్నావని తెలుస్తా ఉంది. వారంగా శ్రీదేవి నాతో మాట్లాడడం లేదు. వేరే పొయ్యి పెట్టుకుంది. పిల్ల అంగన్‌వాడీలో ఆట మానేసింది. గోడకు ఆనుకొని కూర్చుంటాది. గుడ్డు పెడితే తినదు.

సూపర్‌వైజర్ వస్తాదని సరళ టీచర్ నిన్న పిల్లల ఫైళ్ళు తీసింది. స్రవంతి ఫైలులో కాగితం చిరిగి ఉంది. "ఇందులో బొమ్మ ఏదమ్మా?" అని అడిగింది. "అత్త చింపింది" అంది పిల్ల. నేను అక్కడే ఉన్నాను. పిల్ల నన్ను ఆ రోజు చూసిందని నాకు తెలియదు.

టీచర్ పిల్లకు కొత్త కాగితం ఇచ్చి, అదే మళ్ళీ గీయమంది. పిల్ల గీసింది. అదే ఇల్లు, అదే మనిషి, అవే రెండు కోతలు. టీచర్ పక్కన కూర్చొని ఒక్కొక్కటే అడిగింది. పిల్ల చెప్పింది చెప్పినట్టు కాగితం కింద రాసింది. నేను దాన్ని ఇక్కడ ఎత్తి రాస్తా ఉన్నాను.

"ఇది అమ్మ. ఇది అత్త. ఇది నేను, కళ్ళు మూసుకున్నా. ఇది మా నాయన. నాయన చెన్నయ్య తాత మందలో కలిసిపోయినాడు గదా, అందుకే వాళ్ళ కోత వేసినా. శ్రీను మామకు గూడా ఉంటాదని చూసినా, లేదు. మంద వాళ్ళదే గదా, వాళ్ళకెందుకు కోత. నాయన రాత్రి వచ్చి అన్నం తిని పోతాడు. అమ్మ చెప్పింది. నేను లేస్తే రాడు. అందుకే లేవను."

"మరి మీ అందరికీ కోత ఎందుకు వేసినావు?" అని టీచర్ అడిగింది.

"తప్పిపోకుండా" అంది.

నేను గిన్నె కింద పెట్టి కూర్చున్నాను. టీచర్ నా వైపు చూసి, "పిల్లలు చూసింది ఆడతారు అక్కా, చూడాలని ఉన్నది గూడా ఆడతారు. ఏది ఏదో తెలియాలంటే అడగాల" అంది.

నువ్వు పోయిన రోజు పిల్ల, "నాయన ఏడీ?" అని ఏడిస్తే, "మీ నాయన ఇప్పుడు మన మనిషి కాదు, చెన్నయ్య మందలో కలిసినాడు" అని అన్నది నేనే. కోపంలో అన్నాను, మన మంద పోయిందనే కోపం. అది పిల్ల మనసులో పెట్టుకుంది.

సరళ తన ఫోన్‌లో నీ నంబరు నొక్కి నా చేతికి ఇచ్చింది. వద్దని తిరిగి ఇచ్చినాను. నోటితో చెప్పలేను. శ్రీదేవికి గూడా ఇంకా చెప్పలేదు. నువ్వు ఇది చదివి, నువ్వే ఆమెకు ఫోన్ చేసి మంచిగా మాట్లాడు. నేను చింపిన సంగతి చెప్పకుండా చెప్పగలిగితే చెప్పు.

నాగేంద్రమ్మ


రైస్ మిల్లు షెడ్డు
1 ఏప్రిల్, మంగళవారం

అక్కా,

ఇక్కడ పొద్దున్నే చిన్న వాన పడి ఆగింది. తడిసిన బస్తాలు ఎండకు మార్చినాం.

నీ ఉత్తరం టీ కొట్టులోనే ఉండిపోయింది. నేను అటు పోవడం మానేసినాను గదా. కొట్టు ఆయన నిన్న సాయంత్రం మిల్లు గేటు కాడికి తెచ్చి ఇచ్చినాడు. ఉగాది అయిపోయిన మర్నాడు.

దీపం కాడ మూడుసార్లు చదివినాను. పాత బొమ్మ జేబులోనే ఉంది. తీసి చూసినాను. ఆ మనిషి చేతిలో కర్ర ఉంది గదా, పైన రెండు గీతలు అడ్డంగా ఉన్నాయి. నా కర్రకు నేను రెండు చుట్లు చుట్టిన తీగ అది. నెల రోజులు చూసినాను, కోతలే చూసినాను.

నువ్వు అడగలేదు. నేను అడగొద్దన్నాను. ఇద్దరిలో ఎవరిది ఎక్కువ తప్పని లెక్క వేయడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. కానీ సరళ టీచర్ ఫోన్ చేతికి ఇచ్చినప్పుడు నువ్వు మాట్లాడి ఉంటే ఉగాదికి ముందు ఆరు రోజులు మిగిలేవి. ఆ మాట అనకుండా ఉండలేకపోతా ఉన్నా.

రాత్రి నుంచి శ్రీదేవికి చేస్తా ఉన్నాను. స్విచాఫ్ అని వస్తా ఉంది. గుడి కాడికి పోయిందా? చెయ్యి కాలిందా? రామయ్య మామ ఆపినాడా? నువ్వు ఆపినావా?

పదకొండున బయలుదేరి పన్నెండుకు వస్తాను. అంతవరకు ఆమెను ఉండమని చెప్పు. నా మాటగా చెప్పు. చెన్నయ్య మామ కాడికి పోయి శ్రీను కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను.

నాగరాజు


గుట్టకిందపల్లె
6 ఏప్రిల్, ఆదివారం

తమ్ముడు నాగరాజుకు,

ఎండలు ముదిరినాయి. పది తర్వాత బయట నిలబడలేం. గొర్రెలను పొద్దున్నే తోలి, తొమ్మిదికి మళ్ళించుకొని వస్తా ఉన్నాను. అన్నీ నేనే చూసుకోవాల్సి వస్తా ఉంది. నీ ఉత్తరం నిన్న అందింది. నువ్వు అడిగినవి వరసగా రాస్తాను.

ప్రమాణం పెట్టించమని నువ్వు రాసిన ఉత్తరం 27న వచ్చింది. నేను రామయ్యకు చెప్పలేదు. కానీ ఆయనకు అప్పటికే తెలుసు. శ్రీదేవే పోయి చెప్పింది, "మీ ఊరి వాడు నన్ను ఉగాది నాడు గుడి కాడికి రమ్మన్నాడు, సిద్ధంగా ఉండండి" అని.

ఆ సాయంత్రం టీచర్ రాసిన కాగితం తెచ్చి శ్రీదేవి చేతికి ఇచ్చినాను. బొమ్మ చింపి నీకు పంపించింది నేనేనని గూడా చెప్పినాను. ఆమె పొయ్యి ముందర కూర్చొని చదివింది. మళ్ళీ చదివింది. "దీన్ని పడుకోబెట్టడానికి రోజూ చెప్పేదాన్ని. నాయన వచ్చి అన్నం తిని పోతాడని. లేకపోతే ఏడుపు ఆపదు" అంది. తర్వాత, "రెండు నెలలు వదినా. పిల్ల మీ పక్కనే కూర్చొని మీరు వండిన అన్నం తింది. ఈయన ఎవరమ్మా అని ఒక్క మాట అడగలేకపోయినారా?" అంది. 

మర్నాడు రామయ్య కాడికి పోయి, తప్పు నాది, ప్రమాణం వద్దు అని చెప్పినాను. "చిన్నపిల్ల బొమ్మ పట్టుకొని నిందేసినారు, ఇప్పుడు అదే చిన్నపిల్ల మాట పట్టుకొని లేదంటా ఉన్నారు. ఊరికి ఏది నమ్మమంటావు?" అన్నాడు. నాకు కోపం వచ్చి, లేచి ఇంటికి వచ్చేసినాను.

ఉగాది నాడు శ్రీదేవి గుడి కాడికి రాలేదు. జనం మధ్యాహ్నం దాకా చూసినారు. నేను పోయి అందరి ముందర జరిగింది చెప్పినాను. మన వీధి శ్యామలమ్మ, "ఇంటి పరువు గదా, కప్పుకోక ఏం చేస్తారు" అంది. ఇంకొందరు నవ్వినారు. రాలేదంటే ఏదో ఉందనే అనుకుంటా ఉన్నారు. ఆ తర్వాత రెండు రోజులు బావి కాడికి ఆమె పోతే మాటలు ఆగిపోయినాయి. రామయ్య మనవడిని మన పిల్ల పక్కన కూర్చోనివ్వలేదు.

ఎందుకు రాలేదని ఇంటికొచ్చి అడిగినాను. "కర్పూరం పట్టుకుంటే చెయ్యి ఒక్కటే కాలేది. పిల్ల అది చూసి ఏం ఆట కడుతుందోనని భయపడినాను" అంది.

నువ్వు మాట్లాడేదాకా ఉండమని నేను అడిగినాను. నీ మాట అప్పటికి నాకు అందలేదు, నా మాటగానే అడిగినాను. ఆమె ఫోన్ ఆపేసి పెట్టెలో పెట్టుకుంది. ఇంట్లో ఉన్నవన్నీ సర్దిపెట్టి, గొర్రెల తొట్టి నింపింది. నువ్వు తెచ్చిన చీరలు ఇక్కడే ఉన్నాయి. టీచర్ కాగితం తీసుకుపోయింది.

పన్నెండుకు వస్తానన్నావు. రా. నేరుగా ఇక్కడికి రావద్దు, మార్కాపురంలో దిగి గిద్దలూరు బస్సు ఎక్కు. వాళ్ళ నాయన నిన్ను ఇంట్లోకి రానిస్తాడో లేదో నాకు తెలియదు.

ఏప్రిల్ 2, బుధవారం. ఆమె తమ్ముడు సురేష్ ముందురోజు రాత్రి వచ్చి ఇక్కడే పడుకున్నాడు. పొద్దున ఆరున్నర బస్సుకు శ్రీదేవి, స్రవంతి, సురేష్ ముగ్గురూ పోయినారు.

నాగేంద్రమ్మ